మోకాలి పట్టీ

మార్కాపురం,
జూన్ నెల

ప్రియమైన నాయనకు,

ప్రశాంతి వందనాలు. ఫోనులో నేను అరిచి అరిచి గొంతు పోగొట్టుకోవడం, నువ్వేమో వినపడక "ఆఁ, తిన్నా" అని సంబంధం లేని జవాబు చెప్పడం, ఇద్దరికీ ఎందుకీ అవస్థ? ఇకనుంచి ఉత్తరాలే రాస్తాను. అమ్మకు చదివి వినిపించు. మధ్యలో నీ ప్రసంగం కలపకు.

అన్న మోకాలికి కట్టిన పట్టీ ఎందుకని అడిగావు. మేం మెడికల్ విద్యార్థులం కొందరం కలిసి కబడ్డీ ఆటగాళ్ల మోకాళ్ల మీద పరిశోధన చేస్తున్నాం. లిగమెంటు తెగి ఆపరేషన్ అయినవాళ్లు మళ్లీ ఎలా నడుస్తున్నారో పట్టీలోని యంత్రం పసిగడుతుంది. పట్టీ ఇంట్లోకి రాగానే అన్న ఫోను ఆ నడకను అందుకుని మా కంప్యూటరుకు పంపుతుంది. తెర మీద పేరుండదు, మొహముండదు, మండలం పేరు, వంకర టింకర గ్రాఫు మాత్రమే ఉంటాయి. అయినా అన్న గ్రాఫును నేను ఇట్టే గుర్తుపడతాను. కుడికాలు ఈడుస్తాడు. వెనక్కి తిరిగే ముందు ఒక్క క్షణం ఆగుతాడు, కూతకు వెళ్లే ముందు గీత దగ్గర ఆగే అలవాటు కదా. ఆ ఆగడం మా ఆటగాళ్లలో ఇంకెవరికీ లేదు.

పట్టీ తీసి మేకల కొట్టంలో పడేయొద్దని వాడికి గట్టిగా చెప్పు. వారం పాటు నడక అందకపోతే మా మేడం జాబితాలోంచి వాడి పేరు కొట్టేస్తుంది. నా సొంత అన్న పేరే కొట్టేస్తే ఇక్కడ నా పరువేం కావాలి?

నీ
ప్రశాంతి


రాచర్ల మండలం,
ఆగస్టు నెల

ప్రియమైన నా బిడ్డ ప్రశాంతికి,

నువ్వెక్కిన బస్సు మలుపు తిరిగాక కూడా మీ అమ్మ రోడ్డు మీదే నిలబడింది. నేనే చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాను.

మీ అన్న శ్యాంసన్‌ను పిడుగు కొట్టిన చోటికి మేకలు పోవడం లేదు. గడ్డి బాగా ఉన్నా చుట్టూ తిరిగి పోతున్నాయి. వాడి ఫోనుకు మీ అమ్మ రోజూ ఛార్జింగ్ పెడుతోంది.

పోయేటప్పుడు పట్టీ సంగతి అడిగావు. వాడిని పెట్టెలో పెట్టేటప్పుడు ఎర్ర జెర్సీ తొడిగించాం. పట్టీ కాలికే ఉంచమని చెప్పాను. స్నానం చేయించి అన్నీ సర్దింది మీ అమ్మే. కాలేజీ వస్తువును మట్టిలో పెట్టారని ఎవరైనా కోపపడితే నా పేరు చెప్పు.

చదువు మానొద్దు, ప్రార్థన మానొద్దు. ఇల్లు చాలా పెద్దదైపోయినట్టుంది బిడ్డా.

మీ నాయన,
జీవరత్నం


మార్కాపురం,
సెప్టెంబరు నెల

ప్రియమైన నాయనా,

ఈ ఉత్తరం అమ్మకు చదవొద్దు. నువ్వొక్కడివే చదువు.

అన్న నడుస్తున్నాడు.

నాకు మతి పోయిందనుకోకు. మొదట చూసింది నేను కాదు. నాతో పనిచేసే ఫణికృష్ణ, గిద్దలూరులో కిరాణా కొట్టువాళ్ల అబ్బాయి, "మీ రాచర్ల వైపు ఆటగాడు భలే క్రమం తప్పకుండా నడుస్తున్నాడే" అని మెచ్చుకున్నాడు. ఆ గ్రాఫు ఎవరిదో అతనికి తెలియదు. నేను వెళ్లి చూశాను. పొద్దువాలే వేళకు మొదలవుతుంది. కుడికాలు ఈడుపు అదే. తిరిగే ముందు ఆగడం అదే. పూడ్చిపెట్టిన వారం నుంచి ఒక్క సాయంత్రం తప్పలేదు. పాత నడకే మళ్లీ మళ్లీ వస్తోందేమోనని వెతికాం. కాదు, ఏ రోజుకారోజు కొత్తది. మట్టిలో ఉన్న పట్టీ ఇంట్లోని ఫోనుకు ఎలా అందుతోందో నాకు అర్థం కావడం లేదు.

పిడుగు తగిలి గుండె ఆగినవాళ్లకు మళ్లీ కొట్టుకున్న సందర్భాలు మా పుస్తకాల్లో ఉన్నాయి నాయనా. నేను వచ్చేసరికే పెట్టె మూసేశారు. వాడి నాడి ఎవరు చూశారు? మనం తొందరపడ్డామా? అన్నం ముద్ద లోపలికి దిగడం లేదు. సమాధి దగ్గరికి వెళ్లి చూడు. ఏమున్నా దాచకుండా రాయి.

భయంతో,
ప్రశాంతి


రాచర్ల మండలం,
సెప్టెంబరు నెల

ప్రియమైన బిడ్డకు,

ముందు ఆ అనుమానం మనసులోంచి తీసెయ్యి. ఆసుపత్రిలో డాక్టరు చూసి చెప్పాకనే వాడిని ఇంటికి తెచ్చాం. అయినా నీ ఉత్తరం జేబులో పెట్టుకుని నేరుగా సమాధుల దొడ్డికి పోయాను. మట్టి మీద గడ్డి పరుచుకుంది. సిలువ ఒరగలేదు.

తిరిగి వస్తుంటే పొద్దువాలింది. ఎదురుగా మీ అమ్మ వస్తోంది. కుచ్చెళ్లు పైకి దోపుకుని ఉంది. మోకాలికి వాడి పట్టీ. పెట్టెలో ఉందని నేను అనుకున్నది. నన్ను చూసి నిలబడిపోయింది.

"నువ్వే గదా చదివినావు, నడక ఆగిపోతే పేరు కొట్టేస్తారని. బిడ్డను మట్టికిచ్చినా. పేరు గూడా ఎట్ల ఇచ్చేది?" అన్నది.

మన సంఘంలో పేరు కొట్టేశారంటే ఎంత మాటో నీకు తెలుసు. ఆ మనిషిని చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వరు, ఎదురుపడితే పలకరించరు. నువ్వు సరదాకు రాసిన మాటను ఆమె ఆ లెక్కన పట్టుకుంది. అందుకే స్నానం చేయించేటప్పుడు పట్టీ తీసి దాచుకుంది. రోజూ సమాధి దాకా పోయి వస్తోంది. సంగతి అంతే. ఇక అన్నం తిను.

మీ నాయన,
జీవరత్నం


మార్కాపురం,
అక్టోబరు నెల

ప్రియమైన నాయనా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను, తర్వాత కడుపునిండా తిన్నాను. మేడంకు అంతా చెప్పాను. ఆమె కోప్పడలేదు, కళ్లు తుడుచుకుంది. వచ్చే సోమవారం అన్న పేరు తీసేస్తాం. ఇది సంఘం పేరు కాదని, వెలి కాదని అమ్మకు నెమ్మదిగా చెప్పు. పట్టీ పార్శిల్ చెయ్యి.

ఇంకో సంగతి గట్టిగా చెప్పు. అన్నలాగా కుంటుతూ నడవొద్దను. ఆ వయసులో అలా కాలు ఈడిస్తే నడుం పోతుంది. ఎంత బాగా పట్టుకుంది నాయనా, ఆ ఆగడంతో సహా! కావాలని నటించి ఇన్నాళ్లు ఇలా నడవడం ఎవరివల్లా కాదని, కన్నతల్లి కాబట్టి చేసిందని మేడం అంది.

నీ
ప్రశాంతి


రాచర్ల మండలం,
అక్టోబరు నెల

ప్రియమైన నా బిడ్డకు,

నీ ఉత్తరం మీ అమ్మకు చదివాను. "నేను కుంటేదేంది?" అని నన్నే తిరిగి అడిగింది.

నాకు చెవులు పోయాయి గానీ కళ్లు బాగానే ఉన్నాయి. నిన్న సాయంత్రం ఆమె వెనకాలే నడిచాను. వానకు మట్టి మెత్తగా ఉంది. అడుగులు తిన్నగా పడ్డాయి. ఎక్కడా కాలు ఈడ్చలేదు. సమాధి దగ్గర క్షణమైనా ఆగకుండా వెనక్కి తిరిగింది. రోజూ ఇట్లనే నడుస్తావా అని అడిగాను. ఇట్లనే అంది. తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి, నాకు అందేలా గట్టిగా చెప్పింది.

"నీకు వినపడదులే. నా పక్కన కాలు ఈడుస్తానే ఉంటాడు."

నీ కంప్యూటరులో నిన్నటి సాయంత్రం తీసి చూడు. తిన్నని నడక ఉంటే మంచిదే. ఇన్నాళ్లూ మీ అమ్మ నటించిందనే అనుకుందాం. కుంటు ఉంటే మాత్రం నాకు రాయాల్సిన పని లేదు.

పట్టీ పంపడం లేదు. వాడి పేరు తీయొద్దని మీ మేడంను బతిమాలుకో. మీ అమ్మ గురించి బెంగపెట్టుకోకు. రోజూ నేను కూడా పోతాను, వాళ్లిద్దరి వెనకాల.

మీ నాయన,
జీవరత్నం