వరస తేలని చుట్టాలు

అన్నయ్యకు నమస్కారాలు. ఇక్కడ నేను బాగున్నాను, అక్కడ నువ్వూ వదినా పిల్లలూ బాగున్నారనుకుంటున్నాను. ఈ ‘బాగున్నాను’లో చిన్న మెలిక ఉంది. అది చివర్లో చెబుతాను, ముందే అక్కడికి దూకకు.

గదిలో గాలి ఆడుతోందా అని అడిగావు. ఆడుతోంది, కిందింటివాళ్లు మాడ్చే ఉల్లిపాయల వాసనతో సహా. కాజాలు కుట్టే పని కళ్లకి శ్రమేమో అందట వదిన. పనితో ఏ బాధా లేదు. వేగలేకపోతున్నది ఈ ఊరి జనంతోనే.

వీళ్లకి తమ పని తాము చూసుకోవడం రాదు. మొన్న వానొస్తే మేడ మీద ఆరేసిన నా బట్టలు ఎవరో తీసి, మడతపెట్టి, గుమ్మంలో పెట్టి పోయారు. ఆ మడతలు చూస్తే ఏడుపొచ్చింది. ఎవరో తెలిస్తే దులిపేసేదాన్నే. వీధి మొగలో బస్టాపు పక్కనుండే కూరగాయలావిడైతే నేనేం కొనాలో తనే తేలుస్తుంది. “వంకాయలు నీకొద్దు పిల్లా, ముదిరాయి” అంటుంది. మరి ఎవరికోసం పెట్టుకుందో. నాకు నలభై దాటాయి, పిల్లనట. బస్సు కండక్టరు నాకన్నా పెద్దవాడు, “రా అమ్మా, కూర్చో అమ్మా” అంటూ ఎవరినో ఒకరిని లేపేస్తాడు. కాలేజీకి వెళ్లే అమ్మాయొకతి రోజూ నా పక్కన చేరి, “తిన్నారా పిన్నిగారూ?” అంటుంది. తిన్నానంటే నమ్మదు.

నువ్వేమో ఉత్తరం నిండా ఒకటే మాట. “తెలీని ఊళ్లో నీకెవరున్నారు? ఉద్యోగం మానెయ్యి, నెలాఖరుకి వచ్చి తీసుకొచ్చేస్తాను” అని. ఇక మెలిక సంగతి. అరవకుండా చదువు.

పోయిన నెలలో బస్సెక్కుతూనే కడుపునొప్పితో పడిపోయాను. కండక్టరు బస్సుని జనంతో సహా ఆసుపత్రికి తిప్పించాడు. కూరగాయలావిడ కొట్టు వదిలేసి ఎక్కింది. అపెండిక్సట. ఆలస్యమైతే దక్కేదాన్ని కాదన్నారు. ఆపరేషనయింది, తగ్గిపోయింది, పనికి కూడా వెళ్తున్నాను. ఆ డాక్టరు కుట్లు మాత్రం మా షాపులో అయితే విప్పించేవాళ్లు.

నాకు తెలివొచ్చేసరికి నర్సు కసురుతోంది. “సొంతవాళ్లు ఉండండి, మిగతావాళ్లు బయటికి. ఈవిడ మీకేమవుతుంది?”

“మా అమ్మండీ” అన్నాడు కండక్టరు, అలవాటు కొద్దీ.

“మా పిల్ల” అంది కూరగాయలావిడ.

“మా పిన్ని” అంది ఆ అమ్మాయి.

నర్సు నా వంక చూసి, ఆయన నెరిసిన జుట్టు వంక చూసి, “వరసలేవో మీరే తేల్చుకోండి” అని వెళ్లిపోయింది. ఒక్కరూ కదల్లేదు. నవ్వితే కుట్లు లాగాయి, ఏడ్చినా లాగాయి.

వాళ్ల పేర్లు కూడా నాకు తెలీవు అన్నయ్యా. వాళ్ల రుణం ఎలా తీర్చుకోవాలో తెలీక ఇలా విసుక్కుంటున్నాను. మొన్న కూరగాయలావిడకి దణ్ణం పెట్టబోతే, “చాల్లే, ముందు ఆ సంచి ఇలా ఇయ్యి, బరువెత్తకు” అని లాక్కుంది. నీకు చెప్పనందుకు తిట్టు, పడతాను. నెలాఖరుకి తప్పకుండా రా. నన్ను చూసి, వీళ్లనీ చూసి వెళ్లు. తీసుకెళ్లడానికి మాత్రం రాకు.

ఇట్లు,
ఇక్కడ ఎంతమందికి ఏమవుతున్నా, నీకొక్కడికే చెల్లెలు