ఫోన్ అడిగిన మాట

అత్తయ్యగారికి,

నమస్కారం పెట్టడానికీ సిగ్గుగానే ఉంది. మీ ఫోన్ నా దగ్గరే ఉండిపోయింది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ఆ రోజు మీ ఫోన్‌లోని ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించబోతే అది ఫోన్‌ను గుర్తుపట్టలేదు. "బాబూ, ఫోన్‌లో ఏదో అడుగుతోంది" అని మీరు రెండుసార్లు చెప్పారు. "మీకు తెలియదు, ఊరుకోండి" అని అందరి ముందూ కసిరాను. పదేళ్లుగా కంప్యూటర్ పాఠాలు చెబుతున్నవాణ్ణి, గంటసేపు కేబుళ్లు మార్చానే గాని ఫోన్ వైపు చూడలేదు. మీరు ఫోన్ కూడా తీసుకోకుండా తెల్లవారగానే వెళ్లిపోయారు.

మీరు వెళ్లాక ఫోన్ చూస్తే, కంప్యూటర్‌ను లోపలికి రానివ్వాలా వద్దా అని అడుగుతోందది. "సరే" అని నొక్కగానే ఫొటోలన్నీ వచ్చేశాయి.

సగానికి పైగా మా క్లాసు కిటికీ బయట నుంచి తీసినవే. అన్నిట్లోనూ నేనే, బోర్డు ముందు పాఠం చెబుతూ.

ఆదివారం ఫోన్ పట్టుకుని వస్తాను. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం.

మీ అల్లుడు