నీ మంచం అమ్ముడుపోయింది

నాయనా గంగరాజూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఏడుస్తూ రాయాల్సిన రోజే గానీ, సంతోషం పట్టలేక రాస్తున్నాను. నీ భార్య, నా కోడలు రెడ్డెమ్మ గెలిచిందిరా!

పుంగనూరులో మన పాత సామాన్ల అంగడికి, మనిషి చనిపోయిన మంచాన్ని నువ్వు ఏనాడూ రానివ్వలేదు. ఎవరూ కొనరు కాబట్టే అవి చవకని రెడ్డెమ్మ లెక్క వేసింది. బంగారు గాజులు అమ్మి, మదనపల్లె నుంచి అలాంటివే పది మంచాలు తెచ్చింది. అవి పోకపోతే అంగడి మూతపడేదే. మూడు నెలలు ఎవరూ వాటిని ముట్టుకోలేదు.

నిన్న కుప్పంలో హాస్టలు నడిపే పెద్దమనిషి వచ్చాడు.

"నిజం సెప్పమ్మా, ఇవి సచ్చినోళ్ల మంచాలు గదా?"

నేనైతే అబద్ధం చెప్పేవాణ్ణి. ఆమె ఆయన్ను ఇంట్లోకి పిలిచి నీ మంచం చూపించింది.

"అవునప్పా. నా మొగుడు దీనిమీదే పోయినాడు. ఏడాదిగా నేనూ నా బిడ్డా దీనిమీదే పండుకుంటాండాము. మాకేమైందో నువ్వే సూడు!"

ఆయన నీ కూతుర్ని ఎగాదిగా చూశాడు.

"పదీ ఎత్తుకుంటా. ఇది కూడా కావాల. దీనిమీద నేనే పండుకుంటా. నాకు నమ్మకం కుదిరింది దీనిమీదొక్కటే!"

రెడ్డెమ్మ నా వైపు చూసింది. "ఇచ్చేయమ్మా, ఇంకేం సూస్తాండావు!" అని నేనే అరిచాను. పదేళ్లలో నువ్వు ఇంత బేరం ఒక్కటీ చేయలేదు, ఏమనుకోకు.

లారీ దగ్గరికి నీ మంచం నేనే మోశాను. నువ్వు పడుకుని ఉన్నప్పుడు దాన్ని ఎండకు జరపాలంటే నేనూ రెడ్డెమ్మా ఇద్దరం ఆయాసపడేవాళ్లం. నిన్న ఒక్కణ్ణే ఎత్తాను. ఎంత తేలిగ్గా లేచిందో, నాయనా!