నవాబుగారి పత్యం

హనుమకొండ,
18 డిసెంబరు 2025

స్నేహితుడు కరీముద్దీన్‌కు,

గట్టయ్య నమస్కారాలు, సలాములు. నీకు నచ్చినవి నువ్వు తీసుకో, మిగిలినవి మీ అమ్మాయి తబస్సుమ్ పిల్లలకు పంచు. ఇక్కడ నేనూ పూలమ్మా ఒకరినొకరు సాధించుకుంటూ బాగానే ఉన్నాం.

ఫోన్ చేస్తే ఎత్తవు. మాట తడబడుతోందని సిగ్గట. పోయిన వారం స్టేషన్ ఘన్‌పూర్‌లో తబస్సుమ్ ఇంటికి వస్తే గోడవైపు తిరిగి పడుకున్నావు. పాలకుర్తి బస్సులో ఇరవై రెండేళ్లు నువ్వు స్టీరింగ్ ముందు, నేను టికెట్ల సంచితో వెనక. నీ వీపు చూస్తూనే ఉద్యోగం వెళ్లదీసినవాణ్ణి, నాకేం కోపం రాలేదు. అందుకే ఉత్తరం. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి పిల్ల, “తాతా, ఘన్‌పూర్ గంట తొవ్వనే గద, పోయి చెప్పి రారాదు?” అంది. మా డ్రైవర్ సాబ్‌తో ముఖాముఖి మాట్లాడటం అంత సులువు కాదమ్మా అన్నాను.

ఇక నీ చేప సంగతి. నీకు ఎడమపక్క పక్షవాతం వచ్చిన రోజు దవాఖాన నుంచి నీ ఇంటికి వెళ్లి, తాళం వేసి, తొట్టిని ఒళ్లో పెట్టుకుని ఆటోలో మా ఇంటికి తెచ్చానా? సగం నీళ్లు నా పంచెకే దక్కాయి. నీ మీసాల నవాబు మాత్రం చెక్కుచెదరలేదు. చెడగొట్టింది ఆ తర్వాత నేనే. నీ ఇంట్లోని మునిగే మేత గింజలు అయిపోతే, రంగు చూసి మురిసి, తేలే గింజలు కొన్నాను. ఇసుకలో వెతుక్కుని తినే చేప పాపం పైకి వచ్చి, గింజతోపాటు గాలి కూడా మింగింది. ఆకలేమోనని రోజుకు నాలుగుసార్లు వేశాను. నిండిన బస్సులోకి ఇంకో పదిమందిని ఎక్కించే అలవాటు నాది. అయిదో రోజుకు, ఫోన్‌లో తబస్సుమ్‌కు చెప్పినట్టే, నవాబు పొట్ట ఉబ్బి, వెల్లకిలా తేలాడు.

చేపల దుకాణం మొండయ్య దగ్గరకు పరుగెత్తాను. దొడ్డు ఉప్పు వేద్దామనుకుంటున్నానంటే మండిపడ్డాడు. “ఏ పెద్దమనిషీ! దీనికి పొలుసుల్లేవు. ఉప్పేస్తె ఒళ్లు మండి సస్తది” అన్నాడు. చేప కడుపులో గాలితిత్తి ఉంటుందట, దానితోనే నీళ్లలో నిలదొక్కుకుంటుందట. తిండి ఎక్కువై పేగులు ఉబ్బి దాన్ని నొక్కుతున్నాయట. “నువ్వు జర పెట్టుడు బంద్ జెయ్యి. సగం దవా అదే” అన్నాడు.

మూడు రోజులు పస్తు. పైకి రావడానికి ఆయాసపడకుండా నీళ్లు జానెడు లోతుకు తగ్గించాను. ఈ చలికి హీటరు పెట్టి ఇరవై ఆరు డిగ్రీల దగ్గర ఉంచాను. రోజూ కొన్ని నీళ్లు తీసి, నిలవ ఉంచినవి పోశాను. నాలుగో రోజు పచ్చి బఠాణీ ఉడికించి, తోలు తీసి, గోటి కొసంత పెట్టాను. “నాకు జరమొస్తె గిలాసెడు నీళ్లియ్యనోడు చేపకు పత్యం వండుతాండు” అని పూలమ్మ ఇల్లంతా వినబడేలా అంది. మరునాడు బఠాణీ తోలు తీసింది తనే.

మొన్న తబస్సుమ్ ఫోన్ చేసి ఏడ్చింది. “చాచా, అబ్బా కాలు కింద పెడ్తలేడు. కసరత్తు చేపిచ్చేటాయన రెండుసార్లు తిరిగి పోయిండు. నవాబు సక్కగ ఈదినంకనే లేస్త అంటాండు. ఇంక ఆలస్యమైతె కాలు గట్లనే బిగుసుకపోతదని డాక్టర్ చెప్పిండు. జర మంచి కబురు రాయి” అంది.

మంచి కబురే రాస్తున్నాను. నవాబుకు పూర్తిగా నయమైంది. అడుగుకు దిగి, చక్కగా నిటారుగా, మీసాలతో ఇసుక గెలుకుతున్నాడు. కాబట్టి మాట ప్రకారం రేపే కాలు కింద పెట్టు.

ఇట్లు,
నీ కండక్టరు
గట్టయ్య

తా.క. ఈ ముక్క తబస్సుమ్‌కు చూపించకు. పైన చివర రాసింది ఆ పిల్ల కన్నీళ్లకు లొంగి రాసింది. నీతో అబద్ధమాడి నాకు నిద్ర పట్టేలా లేదు. నవాబుకు పొట్ట తగ్గింది, వెల్లకిలా తేలడం పోయింది. కానీ ఎడమవైపు ఒరిగే ఈదుతున్నాడు. ఇక ఇంతేనేమో అంటున్నాడు మొండయ్య. మొదట్లో తొట్టి అద్దానికి కొట్టుకునేవాడు. ఇప్పుడు ఒరిగినట్టే అడుగుకు దిగడం నేర్చుకున్నాడు. నిన్న బఠాణీ ముక్క కోసం నాలుగుసార్లు దారి తప్పి, అయిదోసారి అందుకున్నాడు. పూలమ్మ చప్పట్లు కొట్టింది. చక్కగా అయ్యాకే తింటానని పంతం పట్టి ఉంటే, వాడు ఈపాటికి పోయేవాడు.

ఆదివారం వస్తాను. గడప దాకా నడుద్దాం. ఒరిగితే ఒరుగు కరీమూ, ఎడమపక్కన నేనుంటాను.