‘ఆడమనిషి ఏడుపు – 14’ను భాండాగారం నుంచి తొలగించుట గురించి

శబ్ద భాండాగారం ముఖ్య అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: భాండాగారపు పట్టికలో ‘ఆడమనిషి ఏడుపు – 14’ అని నమోదైన శబ్దమును ప్రారంభోత్సవమునకు ముందే తొలగించుట గురించి, మరియు, తాము కోరిన ప్రకారం సినిమా పరిశ్రమ అభివృద్ధి అవకాశములు, సవాళ్ళపై నా అభిప్రాయము.

1. నేను ముప్పై ఎనిమిదేళ్ళుగా సినిమాలకు చప్పుళ్ళు చేయు వృత్తిలో ఉన్నవాడను. తెర మీద హీరో నడిచినప్పుడు వినిపించే అడుగులు హీరోవి కావు, నావి. హీరోయిన్ మెట్లు దిగినా నేనే, గుర్రం పరిగెత్తినా నేనే. విలన్ చెయ్యి విరిగినప్పుడు నిజంగా విరిగేది ముల్లంగి. ఇల్లు తగలబడితే నలిగేది ప్లాస్టిక్ సంచి. ఈ కారణం చేత తోటివారందరూ నన్ను ‘చప్పుళ్ళ మావయ్య’ అని పిలుచుచున్నారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవరినో అనుకుని నేనే పలకను.

2. పాత సినిమా శబ్దాలన్నీ ఒకచోట చేర్చి, ఏ సినిమా వారైనా అడిగిన వెంటనే వాడుకొనునట్లు తమ కార్యాలయం వారు ఈ భాండాగారం నెలకొల్పుట చాలా మంచి పని. గత నెల నా వద్దనున్న రెండు వందల పన్నెండు రీళ్ళను నా చేతులతోనే తమకు అప్పగించితిని. రసీదు జతపరచడమైనది. ఇప్పుడు తమ వద్దనుండి వచ్చిన ఆహ్వానంలో, ప్రారంభోత్సవం నాడు నాకు ప్రశంసాపత్రం ఇచ్చెదరనియు, నా శబ్దములలో పదింటిని వేదికపై వినిపించెదరనియు, వాటిలో మొదటిది సదరు ‘ఏడుపు – 14’ అనియు, ముందు వరుసలో నాకూ నా భార్యకూ రెండు కుర్చీలు వేయించెదరనియు ఉన్నది. నా బాధంతా ఆ రెండో కుర్చీ గురించే.

3. ముందుగా తాము అడిగినది. అవకాశముల విషయమై: మన సినిమాకు ఇప్పుడు ఎల్లలు లేవు. మేము పని నేర్చుకున్న రోజుల్లో ఒక సినిమా ఒక భాషలో ఆడితే చాలనుకునేవాళ్ళం. ఇప్పుడు ఒకే శుక్రవారం ఐదు భాషల్లో విడుదలవుతున్నది. మాటలకు ఐదుగురు డబ్బింగు వాళ్ళు కావాలి, అడుగులకు నేనొక్కణ్ణే చాలు. తలుపు ఏ భాషలోనైనా కిర్రుమనే అంటుంది. మాట లేని శబ్దం ఎవరి దగ్గరుంటే రేపటి మార్కెట్టు వాళ్ళదేనని ఒక పెద్ద నిర్మాత గారు నాతో అన్నారు. తమ నివేదికలో ఈ మాట చేర్చుకొనవచ్చును.

సవాళ్ళ విషయమై: ఇప్పటి పిల్లలు ఒక మీట నొక్కి మూడు వేల తలుపులు తెప్పించుకుంటారు. ఏ తలుపు ఎవరింటిదో వాళ్ళకు తెలియదు, తెలుసుకునే తీరికా లేదు. కొత్త తలుపు తెరిచి రికార్డు చేసేవాడు లేనందున అన్ని సినిమాల్లోనూ ఒకే తలుపు మూసుకుంటున్నది. ఇది సవాలు కిందికి వచ్చునో రాదో తమరే నిర్ణయించవలెను. ఇంతకన్నా పెద్ద సవాలు నాకు ఇంట్లో ఉన్నది.

4. ఇరవై రెండేళ్ళ క్రితం సంగతి. ఒక సినిమాలో మూసిన తలుపు వెనక ఒక ఇల్లాలు ఏడవాలి. మనిషి కనపడదు, ఏడుపు మాత్రం వినపడాలి. చాలా అనుభవమున్న డబ్బింగు ఆవిడ పదమూడు సార్లు ఏడ్చింది. డైరెక్టరు గారు పదమూడూ విని, “ఇది ఏడుపు కాదయ్యా, జలుబు” అన్నారు. “రెండ్రోజుల్లో నాకు నిజం ఏడుపు తెచ్చిపెట్టు. ఎక్కణ్ణుంచి తెస్తావో నాకనవసరం.”

మర్నాడు ఉదయం ఇంట్లోనే ఉన్నాను. వేరే సినిమాకు కుళాయి బొట్టు పడే చప్పుడు కావలసి వచ్చి, వంటగదిలో మైకు నిలబెట్టి, రీలు తిప్పి కూర్చున్నాను. అప్పుడు ఫోన్ మోగింది. నా భార్య తీసింది. అవతల మా వదినగారి పక్కింటావిడ. మా వదినగారంటే నా భార్యకు అక్క. తల్లి లేని పిల్లను తొమ్మిదో ఏట నుంచి పెంచి పెద్దచేసిన మనిషి. ఆ పొద్దున బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ కూలిపోయారట. మరి లేవలేదట. నా భార్య ఫోన్ పెట్టనైనా పెట్టలేదు. చేతిలోంచి జారవిడిచి, గచ్చు మీద కూర్చుని ఏడవసాగింది.

అయ్యా, రీలు తిరుగుతూనే ఉన్నది. ఆపడం మరిచిపోయానని రాస్తే తమరు నమ్ముతారు. మొదటి చిత్తులో అలాగే రాశాను. అది అబద్ధం. నేను లేచాను. లేచి ఆమె దగ్గరకు వెళ్ళాను. మైకు స్టాండును కూడా తీసుకునే వెళ్ళాను. ఆమెకు అడుగు దూరంలో నిలబెట్టి, మిషను దగ్గరకు తిరిగి వచ్చాను. రీలు అయిపోయిన తర్వాతనే ఆమె భుజం మీద చెయ్యి వేశాను.

5. డైరెక్టరు గారు విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఎవరిదయ్యా?” అన్నారు. “ఎవరో ఒకావిడదండీ” అన్నాను. కట్టుకున్న భార్యను ‘ఎవరో ఒకావిడ’ అన్నది నా జన్మలో ఆ ఒక్కసారే. అప్పటికి పదమూడు ఉన్నవి కనుక డబ్బా మీద 14 అని రాశాను.

ఆ పైన దాన్ని ఆపడం నా వశంలో లేకపోయింది. నాకు తెలిసి నలభై మూడు సినిమాల్లో, నాలుగు భాషల్లో వాడారు. ఒక దయ్యం సినిమాలో దయ్యం ఆ గొంతుతో ఏడ్చింది. ఒక హాస్య సినిమాలో ఆడవేషం కట్టిన కమెడియన్ లాటరీ టికెట్టు పోగొట్టుకుని ఆ గొంతుతోనే ఏడిస్తే, హాలంతా పగలబడి నవ్వింది. ఒక బట్టల సబ్బు ప్రకటనలో మరక పోని చొక్కాను చూసి ఒకావిడ నాలుగు సెకన్ల పాటు మా వదినగారి కోసం ఏడ్చింది. అడిగిన ప్రతివాడికీ కాపీ తీసి ఇచ్చినవాణ్ణి నేనే. ‘తిలాపాపం తలా పిడికెడు’ అని పంచుకుందామన్నా ఇందులో రెండో మనిషి లేడు.

6. నా భార్యకు ఈ సంగతి తెలియదు. పన్నెండేళ్ళ కిందట ఆమెను ఒక సినిమాకు తీసుకుపోయాను. అందులో ఇది ఉన్నదని నాకు తెలియదు, తెలిస్తే ఆ వీధికే పోనివ్వకపోదును. సగం సినిమా అయ్యాక తెర మీద ఒక తలుపు మూసుకుంది, ఏడుపు వినబడింది. నా భార్య కళ్ళు తుడుచుకుని నా చెవిలో ఇలా అన్నది:

“ఎవరో గానీ పాపం, ఇది నటన కాదండీ. ఆవిడకి నిజంగా ఎవరో పోయుంటారు.”

దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. అప్పటి నుంచి ఆమెను సినిమా హాలుకు తీసుకుపోలేదు. ఒకసారి తలనొప్పి, ఒకసారి టికెట్లు దొరకలేదు, ఒకసారి సినిమా బాగాలేదట. “సినిమావాడి పెళ్ళాన్నయ్యుండీ సినిమా మొహం చూసి పన్నెండేళ్ళయిందంటే ఎవరూ నమ్మట్లేదు” అని ఆమె పక్కింటి వాళ్ళతో నవ్వుతూ చెప్పుచుండగా నేను విని, చెప్పులు వేసుకుని బయటికి పోయాను.

7. ఈ శబ్దమును తొలగించమని తమ కార్యాలయం మూడో కిటికీ గుమస్తా గారిని పోయిన సోమవారం కలిసి వేడుకొంటిని.

“తీసెయ్యొచ్చండీ. గొంతు ఎవరిదో వాళ్ళ సంతకం కావాలి. ఏడో నంబరు ఫారం” అన్నారు.

“గొంతు నాదేనండీ” అన్నాను.

ఆయన పట్టిక చూసి, నన్ను చూసి, మళ్ళీ పట్టిక చూశారు. “ఇక్కడ ఆడమనిషి అనుందండీ.”

“మా పనిలో గుర్రాలు కూడా మేమేనండీ.”

“అలాగా? అయితే ఏడవండి చూద్దాం.”

అయ్యా, అరవై ఏళ్ళ వయసులో, ఆఫీసు వేళలో, కిటికీ చువ్వలు పట్టుకుని ఆడగొంతుతో ఏడ్చితిని. మొదటి నిమిషం వృత్తిధర్మంగానే ఏడ్చాను. ఆ తర్వాత ఆపడం చేతకాలేదు. లోపల టైపు చేసేవారు చేతులు ఆపారు. వరుసలో నా వెనక నిలబడిన పెద్దాయన నా వీపు నిమిరారు. బంట్రోతు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చినాడు. గుమస్తా గారు నేను తేరుకునేదాకా ఆగి, “పట్టికలో ఉన్నట్టు లేదండీ ఇది” అని, గొంతు తగ్గించి, “ఇంట్లో చెప్పెయ్యండి సార్” అన్నారు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు.

8. కాబట్టి తమను కోరునదేమనగా:

(అ) సదరు శబ్దమును సంతకం అవసరం లేకుండా, ‘రీలు పాడైనది’ అను కారణము చూపి, పట్టికనుండి కొట్టివేయవలెను.

(ఆ) అటుల వీలుకానిచో, వేదికపైనైనా వినిపించకుండవలెను. బదులుగా నా గుర్రాలు వినిపించవచ్చును, చాలా బాగుంటవి.

(ఇ) అదియు వీలుకానిచో, రెండో కుర్చీని తీసివేయించవలెను. ఆమెకు ఆ రోజు ఒంట్లో బాగాలేదని నేను చెప్పుకొనెదను. అబద్ధాలకు నేను కొత్త కాదు.

(ఈ) ప్రశంసాపత్రం నాకు వద్దు. ఏ ముఖం పెట్టుకుని అందుకోవాలో నాకు తెలియదు.

ఇంతకన్నా సిగ్గు విడిచి రాయుట నా చేత కాదు గనుక, రాసినంతవరకే దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
చప్పుళ్ళ మావయ్య
(అసలు పేరు రసీదులో ఉన్నది)

తా.క.: ఇక్కడి నుంచి రాత నాది, మన్నించవలెను. పై అర్జీ అంతా నా భార్య చేతివ్రాత. నా కోడిగీతల ప్రతిని గుమస్తా గారు చదవలేక, సాఫుగా రాయించుకు రమ్మని తిప్పి పంపినారు. మా ఇంట్లో ఏ కాయితమైనా సాఫు రాసేది ఆవిడే. వేరేవాళ్ళ చేత రాయించవచ్చును. కానీ ఇంకొకడికి చదివి వినిపించి, ఆమెకు మాత్రం దాచడమా అనిపించింది. రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగి, ఈ పొద్దున కాయితాలు ఆమె ముందు పెట్టి, బజారుకు పోయొస్తానని లేచాను.

“కూర్చోండి. మీ రాత అర్థం కాకపోతే ఎవర్నడగను?” అంది. కూర్చున్నాను.

నాలుగో అంశం సగంలో కలం ఆగింది. లేచి, పొయ్యి మీద పాలు దించి వచ్చి, మళ్ళీ రాసింది. కాసేపటికి కాయితం నా వైపు తిప్పి, “ఇది ‘స్టాండు’ అనేనా?” అని అడిగింది. అవునన్నాను. ‘స్టాండు’ అని రాసింది. ఆ తర్వాత చివరిదాకా రాసుకుంటూ పోయింది. ఒక్క మాట మార్చలేదు, ఒక్క మాట వదల్లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అంతా రాసి, కలానికి మూత పెట్టి అడిగింది:

“ఆ రోజు నాకేం గుర్తు లేదు. ఊరికే ఏడ్చానా, ఏమన్నా అన్నానా?”

“అన్నావు. నాలుగు నిమిషాలు అంటూనే ఉన్నావు. మాటల్లేని పదకొండు సెకన్లు వేరే రీలుకు ఎక్కించి, మిగతాది వదిలేశాను.”

“ఎందుకు?”

“మాటలుంటే వేరే భాషల్లోకి పోదు.”

“ఏమన్నాను?”

“తెలీదు.”

“పక్కనే ఉన్నారుగా!”

“మిషను మీద శబ్దం కొలిచే మీటరు ముల్లు చూస్తున్నాను.”

అయ్యా, పైన ఎనిమిది అంశాల నిండా నేను పడిన సిగ్గు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. కళ్ళు మూసుకుని అడుగు చప్పుడు వింటే వేసుకున్నది ఏ నంబరు జోడో చెప్పగలవాణ్ణి. నా భార్య పోయిన తన అక్కతో ఆఖరిసారి మాట్లాడుతుంటే అడుగు దూరంలో మైకు పెట్టినవాణ్ణి. ఆమె ఏమన్నదో నాకు తెలియదు. గొంతు పగిలిందా, ముల్లు ఎర్రగీత దాటిందా అన్నదే చూశాను.

ఏడో నంబరు ఫారం మీద ఆమె సంతకం పెట్టలేదు. “తీసెయ్యమని అడక్కండి. అక్క కోసం ఏడ్చిన దాంట్లో అదొక్కటే మిగిలింది. సబ్బులవాళ్ళు వాడుకుంటే వాడుకోనీండి” అంది. కనుక ఎనిమిదో అంశంలోని కోరికలన్నీ రద్దు. కుర్చీ ఉంచండి. ఆమె వస్తుంది.

వాటికి బదులు ఒక్కటే కోరుచున్నాను. ఆ రోజుల్లో టేపు కొరత. ఆ నాలుగు నిమిషాల టేపు మీదనే తర్వాతి వారం నేను వాన రికార్డు చేశాను. తమ పట్టికలో అది ‘వాన, రేకుల కప్పు – 3’. పాత టేపు సరిగా చెరగకపోతే కొత్త చప్పుడు కింద పాతది సన్నగా మిగిలిపోవడం మా పనిలో కద్దు. అప్పటి మా మిషను చెరపడంలో వట్టి బద్ధకపు మిషను, దాన్ని రోజూ తిట్టుకునేవాణ్ణి. ఆ రీలును ఒక్క పూట నాకు ఇప్పించవలెను. తమ కార్యాలయంలోనే, తమ ఎదుటనే కూర్చుని వింటాను. ఒక మాట దొరికినా చాలు.

“దొరక్కపోతే?” అని నా భార్యను అడిగాను.

“దొరక్కపోతే అక్క గురించి నన్నే అడగండి, చెప్తాను. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి అడగలేదు మీరు” అంది. “మిషను మాత్రం ఆపి వినండి.”