ఇసుకరాయి కింద

మే 4, ఆదివారం

కూతురు వాసంతి వాళ్ల బావిలోకి ఈరోజు తొంగి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

పాలంపేట అవతల చేను. నీళ్లు అడుగంటితే అల్లుడు బాలరాజు బావిని ఇంకా లోతుకు తవ్విస్తున్నాడు. తవ్వించడమేమిటి, క్రేన్ బకెట్‌లో తానే దిగి డ్రిల్లు నడుపుతున్నాడు. గోడంతా ఎర్రటి ఇసుకరాయి. తూర్పు వైపు రాయి నిండా వాలు గీతలు, బావిలోకి దిగుతున్నట్టు.

నలభై ఏళ్లు కొత్తవాడలో జంపఖానాలు నేసినవాణ్ణి. నా రాళ్ల చదువు పాత పుస్తకాల షాపుది. ఆ పుస్తకానికి మొదటి యాభై పేజీలు లేవు, కాబట్టి నా జ్ఞానం యాభై ఒకటిలో మొదలవుతుంది. అయినా పొర మీద పొర నాకు కొత్త కాదు. మగ్గం మీద ముందు పడ్డ పేక పోగు అడుగున ఉంటుంది, రాయిలోనూ అంతే. పేక వాలిందంటే బట్టంతా వాలినట్టే. అంటే ఈ పలకలన్నీ బావిలోకి వాలి ఉన్నాయి. జారితే కింద బాలరాజు.

మే 5

చెప్పాను. పని ఆపించాను. క్రేన్ నడిపే మొగిలయ్య నా ముందు నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

మే 6, సాయంత్రం

యూనివర్సిటీలో జియాలజీ చదివే మా వీధి పిల్ల మహితకు ఫోటోలు పంపితే ఫోన్ చేసింది. ఆ పొరకు పైఅంచు, కిందఅంచు చూడమంది. చూశాను. రెండూ సాపుగా ఉన్నాయి. వాలింది పలక కాదట, లోపలి గీతలేనట. ఎప్పటిదో నది ఇసుకను దిబ్బలుగా తోసుకుంటూ పోతే, దిబ్బ వాలు మీద జారిన ఇసుక అలా గీతలుగా మిగులుతుందట. క్రాస్ బెడ్డింగ్. నా పుస్తకంలో అది నలభయ్యో పేజీ అయి ఉంటుంది.

మగ్గాన్ని నమ్మి రాయిని తప్పు చదివాను. భయం పోయింది. దాంతోపాటు పరువూ పోయింది.

మే 8

భయం తిరిగొచ్చింది.

పని మళ్లీ మొదలయ్యాక ఈరోజు బకెట్‌లో బూడిద రంగు రాయి పైకొచ్చింది, ఇసుకరాయి కిందిది. చిన్న ముక్క పళ్ల మధ్య నలిపాను. ఈ పద్ధతి ఉన్న పేజీ నా దగ్గర ఉంది. గరగరమంటే ఇసుక. అనకపోతే నిలవ నీటిలో మెల్లగా కూర్చున్న బురద. ఒక్క రేణువూ తగల్లేదు. ఇంకో ముక్క చెంబు నీళ్లలో వేశాను. అన్నం తిని చెయ్యి కడిగేలోపు విచ్చిపోయి ముద్దయింది.

పైనున్న ఎర్రరాయంతా దీని మీదే నిలబడి ఉంది. ఊట కూడా ఈరోజే మొదలైంది, సరిగ్గా ఈ రెండు రాళ్ల మధ్య నుంచి. వాళ్లు కొబ్బరికాయ కొట్టారు. నాకిచ్చిన ముక్క గట్టు మీద పెట్టేశాను.

బాలరాజుకు చెప్పాను. "మొన్న గీతలన్నవ్, ఇయ్యాల బురద అంటున్నవ్. జర ఊకో మామా."

కోపంగా అన్నా బాగుండేది. చిన్నపిల్లాణ్ణి బుజ్జగించినట్టు అన్నాడు. మహిత ఫీల్డ్ ట్రిప్‌లో ఉందట, ఫోన్ కలవడం లేదు.

మే 9, పొద్దున ఏడు

ఊట పెరిగింది. తూర్పు గోడ అడుగున బూడిద రాయి మోచెయ్యంత లోపలికి కొట్టుకుపోయింది. బాలరాజు దిగాడు.

మే 9, పదకొండు

వాసంతికి చెంబు చూపించాను. అడుగున ముద్దయిన రాయిని వేలితో నలిపి చూసింది. ఛాయ్‌కి పైకొచ్చిన బాలరాజు మళ్లీ దిగబోతుంటే, తాను పోయి బకెట్‌లో కూర్చుంది.

"భయం లేదంటున్నవ్ గద. నన్ను గూడ దించు."

లెవ్వమన్నాడు. లేవలేదు. మొగిలయ్య లివర్ మీది నుంచి చెయ్యి తీసేశాడు. బాలరాజు బావిలోకి చూశాడు. తాను దిగినప్పుడు ఎన్నడూ అంతసేపు చూడలేదు. చివరికి ఇయ్యాలటికి బంద్ పెడదామన్నాడు. నా రాయిని నమ్మి కాదు.

మే 9, నాలుగుంపావు

పెద్ద చప్పుడేమీ కాలేదు. తూర్పు గోడ కూర్చుంది, అంతే.

ముందు బండలు మునిగాయి. తర్వాత ఇసుక. ఎర్రటి సన్న మన్ను ఇంకా నీళ్లలో దిగుతూనే ఉంది. అన్నిటికన్నా అడుగున డ్రిల్లు ఉంది.

బాలరాజు నా పక్కన కూర్చుని చూస్తున్నాడు. ఇంకో గజం వెనక్కి జరుగుదామన్నాను. జరిగాడు.