ఈసారి బండి కింద పనేం లేదు

ఏమండీ,

నమస్కారాలు. ఇక్కడ అత్తయ్య, పాప, నేను, ఆఖరికి మీ కారు కూడా కులాసాగానే ఉన్నాం. ఆ సొరంగం పనిలో మీరూ వేళకు తిని, కంటినిండా నిద్రపోతున్నారని అనుకుంటున్నాను. నిజమో కాదో మీరు వచ్చాక మీ చొక్కా ఎంత వదులైందో చూసి తెలుసుకుంటాను.

ముందు మీ ప్రశ్నలకు జవాబులు. లేకపోతే అవే అడుగుతూ ఇంకో ఉత్తరం రాస్తారు. అత్తయ్యకు మోకాలి నొప్పి తగ్గింది. మెట్లు దిగుతున్నారు. ఎక్కేటప్పుడు మాత్రం ఆ మెట్లేవో నేనే కట్టించినట్టు నన్ను తిడుతున్నారు. పాపకు ముందు పళ్లు రెండూ ఊడాయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. బ్యాటరీ మీద పేరుకున్న తెల్లపొడి మీరు రాసినట్టే తీగలు విప్పి, కడిగి, ఆరబెట్టి బిగించాను. తాళం ఒక్కసారి తిప్పేసరికి బండి లేచింది. ఆ రోజంతా నా కాళ్లు నేలమీద ఆనలేదనుకోండి.

ఇక బ్రేకుల సంగతి. తొక్కినప్పుడల్లా కీచుమంటోందని రాస్తే, ప్యాడ్లు అరిగాయి, కొత్తవి కొని నువ్వే మార్చు, మన బండి మీద పరాయి చెయ్యి పడకూడదు అని కాగితాలకు కాగితాలు రాశారు కదా. ఆదివారం పొద్దున్నే జాకీ ఎత్తి, చక్రం విప్పి కూర్చున్నాను. నా చేతులకు గ్రీజు కాబట్టి అత్తయ్య కుర్చీ వేయించుకుని, కళ్లజోడు పెట్టుకుని మీ ఉత్తరం చదివి వినిపించారు. మీరేమో పని చెబుతూ చెబుతూ మధ్యలో మనసులో మాట కూడా రాసేస్తారాయె. కింది బోల్టు విప్పి పైకెత్తు, పడుకుంటే నీ జడ గుర్తొచ్చి నిద్ర పట్టదు, ప్యాడ్లు పక్కకు లాగు అని ఆవిడ ఒకే గొంతుతో చదువుకుంటూ పోయారు. ఠక్కున ఆగి, కళ్లజోడు మీదుగా నన్ను చూశారు.

"ఆ మధ్యది బండికా, నీకా?"

నాకు ఆ చక్రంలో తల దాచుకోవాలనిపించింది. ఇకమీదట బండి సంగతులు ఒక కాగితం మీద, నా సంగతులు వేరే కాగితం మీద రాయండి. రాయడం మాత్రం మానకండి.

కొత్త ప్యాడ్లు మందంగా ఉండి ఓ పట్టాన లోపలికి పోలేదు. మీరు చెప్పినట్టు లోపలి గుండ్రటి ముక్కను వెనక్కి నొక్కితే చివరికి కూర్చున్నాయి. కానీ సరిగ్గా కూర్చున్నాయని నాకెవరు చెప్పాలి? మన వీధి చివర దిగుడు, దాని కింద బడిపిల్లలు రోడ్డు దాటే చోటు. వెనక సీట్లో పాప, నా పక్కన అత్తయ్య. వైపర్ తప్పు బిగిస్తే దిగి దిగి అద్దం తుడుచుకుంటూ తడిసి ఇంటికొస్తాం. బ్రేకు తప్పు బిగిస్తే ఇంటికే రాము. నావల్ల కాదు అత్తయ్యా అనేశాను. ఆవిడ కాగితాలు మడిచి, వాడికి నేను చెప్పుకుంటాలే, వెళ్లి మెకానిక్‌ను పిలుచుకురా అన్నారు.

బండిని జాకీ మీదే వదిలేసి, చేతులు కడుక్కుని పిలుచుకొచ్చాను. అతను అన్నీ చూసి, బాగానే పెట్టావమ్మా, ఈ ఒక్క బోల్టే బిగువు చాల్లేదు అని రెంచీ వేసి బిగించాడు. మిగిలినవన్నీ నేను చేసుకుంటాను గానీ, బ్రేకుల జోలికి నేనూ వెళ్లను, మిమ్మల్నీ వెళ్లనివ్వను.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను, కోప్పడకండి. నేను బ్రేకులతో ఆగలేదు. బండిని అతని షెడ్డుకు పంపించేశాను. సెలవులో వచ్చి చేస్తానని మీరు దాచిపెట్టుకున్న పనులన్నీ, ఆయిల్ కారడం, సైలెన్సర్ మోత, క్లచ్, అన్నీ చేయించేశాను. దండగ ఖర్చంటారు. అనండి, పడతాను.

పోయినసారి ఏం చేశారో గుర్తుందా? సొరంగంలోంచి వచ్చారు, గుమ్మంలో సంచి పెట్టారు, టీ తాగారు, కాళ్లు మాత్రం బయటికి పెట్టి బండి కిందికి దూరారు. సెలవంతా అక్కడే గడిచిపోయింది. ఇన్ని నెలల తర్వాత మాతో ఏం మాట్లాడాలో తోచక దూరతారని నాకు తెలుసు. మీకు మొహమాటం, నాకూ మొహమాటమే, అందుకే స్పానర్లు అందిస్తూ ఊరుకున్నాను. కానీ మొన్న పాపను, నాన్న ఎలా ఉంటారే అని అడిగాను. కాసేపు ఆలోచించింది.

"కుడి మడమ మీద నల్లమచ్చ ఉంటుంది."

మరి మొహమో అంటే, ఫొటో తెచ్చుకోవడానికి లేచింది. నవ్వాను. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. కోపం కాదండీ, మీరంటే బెంగ.

అలాగని మీ చేతులు కట్టేయను. వెనక తలుపు అద్దం కిందికి దిగడం లేదు. మెకానిక్ అదీ విప్పబోతుంటే, ఉండనీ, అది మా ఆయన పని అని ఆపేశాను. దానికి బండి కింద దూరక్కర్లేదు. తలుపు తెరిచి, పీట వేసుకుని కూర్చుని చేసుకోవచ్చు. స్క్రూడ్రైవర్ పాప అందిస్తుంది. ఎంత నెమ్మదిగా చేస్తే అంత మంచిది. పాప మీ మొహం కాస్త తీరిగ్గా చూసుకోవాలి.

ఇట్లు,
మీ రాకకై కళ్లు కాయలు కాచిన
మీ ఇంటావిడ